ఇదా, అదా

గ్రిమ్స్‌బీలో డిసెంబరొస్తే నాలుగింటికే చీకటి.
ఫ్రీమన్ వీధిలో మా కళ్ళద్దాల కొట్టు,
పక్కనే చేపల అంగడి.
ఎంత తుడిచినా అద్దాలకి కాడ్ చేప వాసన పోదని
వచ్చినవాళ్ళందరితో అంటుంటాను.
నిజం కాదు. ఆ వాసన నా కోటుది.

రోజంతా నేనడిగేది ఒకటే ప్రశ్న.
ఇదా, అదా? ఏది తేటగా ఉంది?
మళ్ళీ చూడండి. ఇదా, అదా?

ఇరవయ్యేళ్ళప్పుడు నన్నెవరూ అలా అడగలేదు.
అడిగితే కొట్టేదాన్ని.
ఆయనొక్కడే కవి.
పంక్తి పంక్తికీ ఆశ్చర్యార్థకం,
అట్ట మీద పిడికిలి, వెల మూడు రూపాయలు.
హాస్టల్లో బల్ల గుద్ది చదువుతుంటే
కింది గదిలోంచి వార్డెను
చీపురుకర్రతో పైకప్పు పొడిచేది.
అదీ తాళమే అనుకున్నాను.

శేషుకుమారికి మాత్రం ఇంకెవరో ఒకావిడ.
చింతపండు పిసకడం, పరుపు ఎండబెట్టడం,
గొంతు పెంచకుండా రాసేది.
"ఇది కవిత్వమా, ఇంటి పద్దా?" అన్నాను.
నాలుగు నెలలు మాటల్లేవు,
ఒకే గదిలో, ఒకే బకెట్టుతో.

ఈ దేశం వచ్చిన కొత్తలో
మంచు కవి ఒకడు దొరికాడు.
ప్రతి పంక్తి చివరా మూడు చుక్కలు.
ఆ చుక్కల్లో నేను పట్టేంత చోటుండేది.
హంబర్ మీద పొగమంచు దిగితే
ఆయనే పంపాడనుకునేదాన్ని.
విడాకుల కాగితం మీద సంతకం పెట్టిన రాత్రి
తెరిచి చూస్తే
ఉత్త చుక్కలు.
నంబరు మారింది నాకు, అద్దానిదేం తప్పు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎవరినీ చదవలేదు.
అదీ ఒక అభిరుచే కాబోలు.

మొన్న మంగళవారం నార్మన్ బ్లాంచర్డ్ వచ్చాడు.
ఎనభై రెండు. ట్రాలర్ల మీద ముప్ఫై ఏళ్ళు,
ఎడమచేతికి ఒక వేలు తక్కువ.
దగ్గరి చూపు కావాలన్నాడు.
ఏం చదువుతారంటే
జేబులోంచి పోటూపాటుల పట్టిక తీశాడు.
"కుర్రతనంలో తుఫాను కథలైతేనే చదివేవాణ్ణి.
ఇప్పుడిదే. నీళ్ళెప్పుడొస్తాయి, ఎప్పుడు పోతాయి.
ఒక్క అబద్ధం లేదు."
పడవెక్కి పాతికేళ్ళు దాటిందట.

ఆ రాత్రి అటక మీది పెట్టె దించాను.
పిడికిలి పుస్తకం, పేజీ పేజీకీ నా ఎర్రసిరా గీతలు.
గీసిన చోటల్లా ఇప్పుడు మోత.
గీతకీ గీతకీ మధ్య, నేను దాటిపోయిన చోట,
సమ్మె ముగిసి ఇంటికొచ్చినవాడు
పిల్ల తడిసిన చెప్పులు తిప్పి ఆరబెట్టాడు.
నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు.
ఆయనా ఒకసారి గొంతు తగ్గించాడు.
నేనే వినలేదు, బల్ల గుద్దుతున్నాను.

ఆవిడ పుస్తకం నా దగ్గర లేదు. ఎప్పుడూ కొనలేదు.
చింతపండు పద్యం సగం మాత్రం నోటికొచ్చింది,
ఎగతాళికని బట్టీపట్టింది:
నానాక పిసికితే రసం,
నానకముందు పిసికితే వేళ్ళ నొప్పి...
తర్వాతేమిటో.

శేషుకుమారికి రాశాను, నువ్వన్నదే నిజమని.
నిజామాబాదులో తెల్లారాక జవాబు:
"ఎవరే? ఓ, ఆవిడా!
నేనిప్పుడు నీ పిడికిలాయన కోసం వెతుకుతున్నానే తల్లీ.
రిటైరయ్యాను, అరవడానికి ఇప్పటికి తీరింది.
నీ పుస్తకం ఉంటే పంపవే."

నడిదారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాం.
చీకట్లో భుజాలు రాసుకుని
ఎవరో అనుకుని దాటిపోయుంటాం.

పంపాను, ఎర్రగీతలతో సహా.
పోస్టాఫీసులో వస్తువు విలువ రాయమన్నారు.
మూడు రూపాయలని రాయలేక
పౌన్లలో ఏదో ఒకటి వేశాను.
మిగతా సగం పద్యం తను రాసి పంపుతుందట,
అరుపుల మధ్య తీరికైతే.

ఈలోగా కుర్చీలో ఇంకొకరు, పంతొమ్మిదేళ్ళ పిల్ల.
గడ్డం ఆనించు. కదలకు.
ఇదా, అదా?
"రెండూ ఒకలాగే ఉన్నాయి" అంది.
ఉంటాయమ్మా, అన్నాను.
రెండేళ్ళకోసారి వచ్చి చూపించుకోవాలి.